మర్రి బోన్సాయ్: కుండీ ఎప్పుడు మార్చాలి, కొమ్మ ఎప్పుడు కొయ్యాలి?

ప్రశ్న: మేడ మీద మూడేళ్ల మర్రి మొక్కను బోన్సాయ్‌గా పెంచుతున్నాను. నీళ్లు పోస్తే పైనే నిలిచిపోతున్నాయి. ఈ వేసవిలోనే కుండీ మార్చి, కొమ్మలు కూడా కత్తిరించేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: వేసవిలో వద్దండీ. నీళ్లు నిలుస్తున్నాయంటే వేళ్లు కుండీ నిండా అల్లుకుని ఉంటాయి. మార్చాల్సిందే, కానీ వానలు పడి ఎండ తగ్గాక, జూన్ చివర్లోనో జులైలోనో. మే ఎండల్లో తెగిన వేళ్లు ఆకులకు సరిపడా నీరు అందించలేవు, కొమ్మలు ఎండిపోతాయి.

వెదురు పుల్లతో మట్టి విడదీసి, వేళ్లలో మూడో వంతుకు మించకుండా తీయండి. ముందు కిందికి దిగే లావు వేళ్లు తీసి, పక్కలకు పాకే సన్నవి ఉంచాలి. కుండీలో నింపే కొత్త మిశ్రమానికి 3–5 మి.మీ. ఇటుక ముక్కలు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒకటి, మాగిన పశువుల ఎరువు ఒకటి కలపండి. ఇటుక పొడిని జల్లెడ పట్టి పారేయాలి, నీరు దిగనివ్వనిది అదే. సముద్రపు ఇసుక మాత్రం వాడొద్దు, ఉప్పు వేళ్లను పాడుచేస్తుంది. మొక్కను తీగతో కుండీకి కట్టండి. గాలికి ఊగితే కొత్త వేళ్లు తెగుతాయి. రెండు మూడు వారాలు నీడలో ఉంచండి.

కొమ్మల కోత అదే రోజు వద్దు. కొత్త చిగుళ్లు గట్టిపడేదాకా, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి. తర్వాత ఆరేడు ఆకులు వేసిన రెమ్మను రెండు మూడు ఆకులకు కుదించండి. మొదలు ఇంకా సన్నగా ఉంటే అడుగున ఉన్న కొమ్మ ఒకదాన్ని అసలు ముట్టుకోకండి. అది ఏపుగా పెరిగితేనే మొదలు లావెక్కుతుంది. చాలామంది తొందరపడేది ఇక్కడే. కోసిన చోట కారే పాలను తడి గుడ్డతో అద్దితే చాలు.