పేపర్లు ఎన్ని అన్నది కాదు, ఎవరి పని ఎంత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: క్యాన్సర్ జీనోమిక్స్‌లో పీహెచ్‌డీ చేద్దామని ఇద్దరు గైడ్ల గురించి ఆరా తీశాను. ఒకరికి 30,000 సైటేషన్లు (ఇతరుల పేపర్లలో ఉటంకింపులు), హెచ్-ఇండెక్స్ 48. ఇంకొకరికి 1,500, హెచ్-ఇండెక్స్ 19. మొదటివారి దగ్గర చేరడమే మంచిదా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, బరంపురం

జవాబు: ఈ అంకెలు చూసి మాత్రం తేల్చుకోవద్దు. హెచ్-ఇండెక్స్ 48 అంటే, కనీసం 48 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 48 ఉన్నాయని. 2005లో ఈ కొలతను ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్, మొత్తం సైటేషన్లు సాధారణంగా హెచ్ వర్గానికి మూడు నుంచి ఐదు రెట్లు ఉంటాయని గమనించారు. 48 వర్గం 2,304. ఆ లెక్కన ఏడు వేల నుంచి పదకొండున్నర వేల దాకా రావాలి. 30,000 ఉన్నాయంటే ఏవో కొన్ని పేపర్లే లెక్కను పైకి లాగాయన్నమాట. రెండోవారి అంకెలు ఆ హద్దులోనే ఉన్నాయి.

ఈ రంగంలో అలాంటివి చాలావరకు కన్సార్షియం పేపర్లు, అంటే ఎన్నో సంస్థలు కలిసి చేసినవి. 2006లో అమెరికాలో మొదలైన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 33 రకాల క్యాన్సర్లను పరిశీలించింది. 2020 ఫిబ్రవరిలో ‘నేచర్’లో వచ్చిన పాన్-క్యాన్సర్ (అనేక రకాల క్యాన్సర్లను కలిపి చూసిన) పేపర్ 2,658 కణితుల పూర్తి జీనోములది. ఇంత పెద్ద పనికి వందల మంది రచయితలు ఉంటారు. నమూనాలు పంపినవారికీ, విశ్లేషణ మొత్తం నడిపినవారికీ సైటేషన్లు సమానంగానే పడతాయి.

అందుకని గూగుల్ స్కాలర్‌లో వారి పేజీ తెరిచి పై పది పేపర్లు తీయండి. మొదటి పేరు సాధారణంగా పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపినవారిది. పేరు నడుమ ఎక్కడో ఉంటే, పేపర్ చివర రచయితల పాత్రలు చెప్పే పేరా చదవండి. రివ్యూలను, అంటే ఇతరుల పనిని సమీక్షించే పేపర్లను, పక్కన పెట్టండి. వాటికి సైటేషన్లు బాగా వస్తాయి గానీ కొత్త డేటా ఉండదు. ఇద్దరి అంకెలనూ ఒకే చోట చూడండి, ఎందుకంటే స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్‌లనూ (జర్నల్ పరిశీలనకు ముందే పెట్టిన పేపర్లు) లెక్కలో కలుపుతుంది, స్కోపస్ అనే మరో డేటాబేసులో సంఖ్య తక్కువ కనిపిస్తుంది. ఆ తర్వాత జాబితాను సంవత్సరాల వారీగా మార్చి, గత ఐదేళ్లలో ఎన్ని పేపర్లకు వారి విద్యార్థులే మొదటి రచయితలో లెక్కపెట్టండి. మీకు అన్నిటికన్నా అక్కరకొచ్చే సంగతి ఇదే. ఇందులో రెండోవారు ముందుంటే మా సలహా ఆ ల్యాబే.

ప్రశ్న: నా పేపర్లలో కొన్నిటికి ఇంటిపేరు ముందు, కొన్నిటికి ‘రావు’ చివర పడ్డాయి. సైటేషన్లు చీలిపోయాయి.
– పరిశోధక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: డేటాబేసులు చివరి పేరూ పొడి అక్షరాలూ తీసుకుంటాయి కాబట్టి మీ పేరు రెండు రూపాలూ ఇద్దరు మనుషులుగా కనిపిస్తాయి, పైగా ఎందరో రావులతో మీరు కలిసిపోతారు. పరిశోధకులను గుర్తించడానికి ఉచితంగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) సంఖ్య తీసుకుని, రెండు రూపాలనూ ఇతర పేర్ల గడిలో రాయండి, పాత పేపర్లన్నీ చేర్చండి. ఇకమీదట ఒకే రూపం వాడండి. స్కాలర్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరే సదుపాయాన్ని ఆపేయండి. వేరేవారి పేపర్లు మీ ఖాతాలో పడేది దానివల్లే.

ప్రశ్న: మా వైపు ఖర్రా (పొగాకు, వక్క కలిపినది) నమిలేవాళ్లు చాలామంది. నోటి క్యాన్సర్ జన్యువుల మీద బాగా పేరొచ్చిన పేపర్ చూసి జన్యు పరీక్ష చేయించుకోవచ్చా?
– సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: వద్దు. మన దేశ బృందం 2013లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో ప్రచురించిన పనినే చూడండి. చిగుళ్లు, బుగ్గ లోపలి క్యాన్సర్‌లో యూఎస్‌పీ9ఎక్స్, ఏఆర్‌ఐడీ2 వంటి జన్యువుల్లో మార్పులు మళ్లీమళ్లీ వస్తున్నాయని చూపింది. విలువైన పని. అయితే ఆ మార్పులు కణితి కణాల్లో పుట్టినవి; ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో వెతికే పరీక్ష కాదు అది.

సైటేషన్లు రుజువు కూడా కావు. ఏ కీమో మందు పనిచేస్తుందో జన్యు క్రియాశీలతను బట్టి చెప్పొచ్చంటూ 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి ‘నేచర్ మెడిసిన్’లో ఒక పేపర్ వచ్చింది. దాన్ని నమ్మి రోగులపై ట్రయల్స్ కూడా మొదలయ్యాయి. గణాంక నిపుణులు కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అదే డేటాను మళ్లీ లెక్కిస్తే, జన్యువుల జాబితా ఒక వరుస కిందికి జరిగిందని, మందుకు లొంగే, లొంగని నమూనాల గుర్తులు తారుమారయ్యాయని బయటపడింది. 2011లో పేపర్ వెనక్కి తీసుకున్నారు. అందుకే వైద్య పేపర్ల డేటాబేసు పబ్‌మెడ్‌లో ఉపసంహరణ గుర్తు ఉందేమో, డేటా బహిరంగంగా పెట్టారో లేదో, వేరే బృందం వేరే రోగుల్లో అదే ఫలితం చూసిందో లేదో ముందు చూడాలి.

ఖర్రా నమిలేవారు నోట్లో తెల్ల, ఎర్ర మచ్చ కనిపించినా, రెండు మూడు వారాల్లో మానని పుండు ఉన్నా, నోరు సరిగా తెరుచుకోకపోయినా వెంటనే జిల్లా ఆసుపత్రి దంత విభాగానికి వెళ్లాలి. అనుమానం ఉంటే అక్కడ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.