గుర్రంతో క్యాంపింగ్‌కు అడవి ఎందుకండీ, కొబ్బరి తోట చాలు

ప్రశ్న: "బెంగళూరు చుట్టుపక్కల అడవుల్లో, పార్కుల్లో సొంత గుర్రంతో వెళ్లి రాత్రి క్యాంప్ వేయవచ్చా? అమెరికాలో వేస్తారు కదా, ఇక్కడెందుకు కుదరదు?"

కుదరదు. బన్నేరుఘట్ట లాంటి నేషనల్ పార్కు అయితే ఆ ఆలోచనే మానుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 35(7) అని ఒక సెక్షన్ ఉంది. నేషనల్ పార్కులో పశువుల్ని మేపకూడదు, అసలు లోపలికే తీసుకురాకూడదు అంటుంది. ఆ చట్టం లెక్కలో గుర్రమూ పశువే. అక్కడే చిన్న మినహాయింపు కూడా ఇచ్చారు: లోపలికి వెళ్లే అనుమతి ఉన్న మనిషి ఆ జంతువును వాహనంగా వాడుకుంటుంటే ఫరవాలేదట. మా రైడింగ్ గ్రూపులో ఒక లాయరు గారు ఈ ఒక్క వాక్యం పట్టుకుని "నా గుర్రం నా వాహనం" అని కనిపించిన వాళ్లందరితో వాదిస్తుంటారు. అయ్యా, ముందు మీకు అనుమతి ఉండాలి కదా! స్కందగిరి, మాకళిదుర్గ కొండలకు ఆన్‌లైన్‌లో ఇచ్చే ట్రెక్కింగ్ టికెట్ రెండు కాళ్ల వాళ్లకే.

ఇక అమెరికా సంగతి. మా బావమరిది ఇండియానాలో ఉంటాడు. అక్కడి బ్రౌన్ కౌంటీ స్టేట్ పార్కులో గుర్రాల వాళ్లకు ప్రత్యేకంగా క్యాంప్ గ్రౌండ్ ఉంది. ఆ ఫోటోలు పంపి నా కడుపు మండిస్తుంటాడు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద కాపాడుతున్న అడవుల్లోకైతే మోటారు బండి పోకూడదు గానీ గుర్రం మామూలుగా పోవచ్చు. అలాగని అక్కడ ఊరికే వదిలేస్తారనుకోకండి. చాలా రాష్ట్రాల్లో గుర్రానికి ఒక అంటురోగం లేదని తేల్చే కాగిన్స్ టెస్ట్ అనే రక్తపరీక్ష కాగితం చూపించాలి. కొలరాడో నేషనల్ ఫారెస్టుల్లోకి కలుపు విత్తనాలు లేవని సర్టిఫికెట్ ఉన్న ఎండుగడ్డే తీసుకెళ్లాలి. ఫోటోల్లో ఈ కాగితాలు పడవు, టోపీ పెట్టుకున్న మనిషే పడతాడు.

సరే, నేను చెప్పాలనుకున్నది వేరే. పోయిన చలికాలం మేం నలుగురం రెండు గుర్రాలతో మాగడి రోడ్డు మీదుగా సావనదుర్గ కొండ వైపు వెళ్లాం. వెంట మా లాయంలో గుర్రాల్ని చూసుకునే సైస్ వచ్చాడు. హిందూపురం మనిషి, వయసులో ఉన్నప్పుడు జట్కా తోలాడు. మేమందరం తాతా అని పిలుస్తాం, ఆయన సార్ అంటూనే మమ్మల్ని తిడతాడు. కొండ కింద చెట్ల మధ్య టెంట్లు వేయాలని మావాడొకడి ప్లాన్. అంతలో ఫారెస్ట్ గార్డు బైకు మీద వచ్చాడు. కన్నడలో మొదలుపెట్టి, తాత యాస విని తెలుగులోకి దిగాడు. అరవలేదు, ఫైన్ అనలేదు.

"ఇక్కడ చిరుతలు తిరుగుతాయి సార్. మీరు టెంట్ జిప్పు వేసుకుని పడుకుంటారు, దీన్నేమో చెట్టుకు కట్టేస్తారు. ఎరగా కట్టిన మేకకీ దీనికీ తేడా ఏముంది?"

మావాడి దగ్గర జవాబు లేదు. దగ్గర్లో ఒక కొబ్బరి తోట రైతును అడిగాం. డబ్బులిస్తామంటే వద్దన్నాడు. "బోరు నీళ్లు వాడుకోండి, లద్దె మాత్రం నాకు వదిలిపెట్టి పోండి" అన్నాడు.

అసలు టెన్షన్ చీకటి పడ్డాక మొదలైంది. ఆడగుర్రం నీళ్లు ముట్టలేదు. బకెట్ వాసన చూస్తుంది, తల తిప్పేస్తుంది. గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగాలి. ఎండుగడ్డి తిని నీళ్లు తాగకపోతే పేగులో గడ్డి అడ్డం పడి కడుపునొప్పి వస్తుంది. వాంతి చేసుకునే వీలు గుర్రానికి లేదు, ఆ నొప్పి ముదిరితే ప్రాణాలు కూడా పోవచ్చు. అర్ధరాత్రి ఆ పల్లెలో గుర్రాల డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? మావాళ్లు ఫోన్లలో వెతకడం మొదలుపెట్టారు, సిగ్నల్ లేదు. తాత మాత్రం నింపాదిగా సంచిలోంచి బెల్లం ముక్క తీసి, చేత్తో నలిపి బకెట్లో కలిపాడు. గుర్రం మూతి పెట్టింది, పెదవులు ఆడించింది, ఆపకుండా బకెట్ ఖాళీ చేసింది. "వారం ముందు నుంచీ లాయంలో కూడా ఇదే కలిపి ఇస్తున్నా సార్. ఏ ఊరి నీళ్లయినా మన నీళ్లే అనుకుంటుంది" అన్నాడు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు!

తాడు దగ్గర ఇంకో గొడవ. రాత్రంతా మేస్తుంది కదా అని మావాడు పొడుగు తాడుతో చెట్టు మొదట్లో కట్టాడు. తాత విప్పేశాడు. కాలికి చుట్టుకుంటే మడమ పైన చర్మం ఊడి వస్తుందట. రెండు చెట్లకు గోనెసంచులు చుట్టి, వాటి మీదుగా గుర్రం తలకంటే ఎత్తులో అడ్డంగా తాడు బిగించాడు. దాన్నుంచి పొట్టి తాడు వేలాడదీసి కట్టాడు. కింద గడ్డి అందుతుంది, కాలు మాత్రం పడదు. మావాడు మూతి ముడుచుకుని టెంట్లోకి పోయాడు. తెల్లవారుజామున కుక్కలు ఒక్కసారిగా మొరిగాయి. రెండు గుర్రాలూ గిర్రున తిరిగాయి, బుసకొట్టాయి, నేలను తన్నాయి. మేం టార్చిలు పట్టుకుని బయటికి పరిగెత్తాం. తాత అప్పటికే వాటి పక్కన నిలబడి ఉర్దూలో ఏదో మెల్లగా మాట్లాడుతున్నాడు. తాడు తెగలేదు, ఏ కాలికీ గీత పడలేదు. పొద్దున చూస్తే అవి నిలబడ్డ చోట నేల దున్నినట్టుంది. అదే చెట్టు మొదట్లో కట్టుంటే వేళ్లన్నీ బయటపడేవి, బెరడు కొరికేసేవి. బయటి దేశాల్లో చాలా పార్కులు చెట్టుకు నేరుగా కట్టనివ్వకపోవడం ఇందుకే.

అడవులు తెరవమని నేను అడగను. నా గొడవంతా చెరువుల మీదే. బెంగళూరులో చెరువు బాగుచేశామంటే చుట్టూ వాకింగ్ ట్రాక్, సెల్ఫీ పాయింట్, పైగా పశువులు రాకూడదని బోర్డు. ఒక మూలన నీళ్ల తొట్టి, గుర్రాల్ని కట్టేయడానికి నాలుగు స్తంభాలు పెడితే వీళ్ల సొమ్మేం పోయింది? 1918లో ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫాలో గుర్రాల మీద పోరాడిన మైసూర్ లాన్సర్లకు జేసీ నగర్‌లో స్మారకం కట్టుకున్న ఊరండీ ఇది! పెళ్లి ఊరేగింపు గుర్రాలు మాగడి రోడ్డు పక్కన ఎండలో నీళ్లు లేక నిలబడి ఉంటాయి. వాటి పక్కన నిలబడి రీల్స్ తీసుకునే వాళ్లకు ఒక బకెట్ నీళ్లు పెట్టాలని తోచదు. డ్రోన్ తెచ్చేవాళ్లనైతే మా గ్రూపులోకే రానివ్వం. ఆ చప్పుడుకు బెదిరిన గుర్రాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

వెళ్లాలనుంటే ముందు గ్లాండర్స్‌కు రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ అంటే రోగం. తేలితే గుర్రానికి వైద్యం ఉండదు, చంపేయాల్సిందే. తర్వాత తోట ఉన్న రైతును వెతుక్కోండి. ఆయన దొరికేలోపు మీ లాయం వెనక ఖాళీ స్థలంలోనే రెండు చెట్ల మధ్య తాడు కట్టి, ఒక రాత్రి గుర్రాన్ని అక్కడ ఉంచి చూడండి. పొద్దుటికి అది కుదురుగా ఉంటే మాగడి రోడ్డు ఎక్కండి, బెల్లం మర్చిపోకండి.