రీఫ్ ట్యాంక్ కరెంటు బిల్లు: మా ఇంట్లో సగానికి ఎలా దిగింది

మూడడుగుల రీఫ్ ట్యాంక్ (పగడపు జీవులు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టాక వేసవి బిల్లు భయపెడుతోంది, లైట్లు రోజుకు రెండు గంటలు తగ్గిస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. సరిపోదండి. నేనూ మొదట అదే చేశాను. నెలంతా కలిపి వంద రూపాయలు కూడా మిగల్లేదు.

మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ట్యాంక్, కింద సంప్ (పరికరాలుండే రెండో తొట్టి) కలిపి 230 లీటర్ల దాకా నీళ్లుంటాయి. మొదటి వేసవి బిల్లు చూసి టెన్షన్ పట్టుకుని, యూనిట్లు కొలిచే ప్లగ్ ఒకటి కొన్నాను. ఒక్కో సామాన్నీ ఒక్కో రోజు దానికి తగిలించి చూశాను. మే నెలలో రోజుకు ఏడు యూనిట్లు తేలింది. నీటిని చల్లబరిచే చిల్లర్ 3, టీ5 అనే ట్యూబ్ లైట్లు ఒకటిన్నర, సంప్ నీటిని పైకి తోడే రిటర్న్ పంప్ ఇంకో ఒకటిన్నర, మిగిలింది నురగతో మురికి తీసే స్కిమ్మర్, నీటిని కదిలించే వేవ్‌మేకర్లు. పేరుకు చిల్లరే గానీ తినేది నోట్లు! నెలకు 210 యూనిట్లు. పైగా ఇంటి వాడకం ముందే 400 దాటి ఉంటుంది కాబట్టి, ట్యాంక్ యూనిట్లన్నీ పై స్లాబులో పడతాయి. మాకు యూనిట్ తొమ్మిదిన్నర లెక్కన రెండు వేలు.

నా కళ్లు తెరిపించింది మాత్రం రిటర్న్ పంప్. పాత ఏసీ కరెంటు పంప్ 65 వాట్లు తీసుకునేది. నీళ్లలో మునిగి ఉన్న మోటారు తిన్న కరెంటు దాదాపు మొత్తం చివరికి ఆ నీళ్లలోనే వేడిగా మారుతుంది. ఆ వేడిని మళ్లీ చిల్లర్ బయటికి తోడాలి. అంటే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కడుతున్నాను. వేగం మార్చుకోగల డీసీ పంప్ పెట్టి, వేగం తగ్గించి 25 వాట్లకు తెచ్చాను. అది 24 గంటలూ తిరిగేది కదా, ఒక్క పంప్‌లోనే నెలకు 29 యూనిట్లు తగ్గాయి. చిల్లర్‌కు తగ్గిన పని దానికి అదనం.

రెండోది ఫ్యాన్లు. కంప్యూటర్ ఫ్యాన్ల లాంటివి రెండు, సంప్ నీటి మీదికి గాలి తగిలేలా బిగించాను. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని తనతో తీసుకుపోతుంది. మా ఎండాకాలపు పొడి గాలికి రోజుకు మూడు లీటర్లు ఎగిరిపోయేది. రెండు యూనిట్ల వేడి పోయింది, ఫ్యాన్లు తిన్నది పావు యూనిట్. ఇబ్బందులూ ఉన్నాయి. ఎగిరిన నీటికి బదులు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ట్యాంక్‌లోనే ఉండిపోతుంది. ఒకసారి మూడు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ఉప్పదనం పెరిగిపోయి జోయాంథిడ్స్ అనే పగడపు జీవులన్నీ ముడుచుకుని కూర్చున్నాయి. తర్వాత నీటి మట్టం తగ్గగానే తనంతట తానే నింపే ఫ్లోట్ వాల్వు పెట్టించాను. గోడ కూడా చెమ్మగిల్లుతుంది, కిటికీ తెరిచి ఉంచాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఫ్యాన్లు ఇంత పని చేయవు.

చిల్లర్‌ను 25 డిగ్రీల దగ్గర పెట్టుకుని ఉంటే 27కి మార్చండి. నాకున్నవన్నీ మష్రూమ్స్, లెదర్ లాంటి మెత్తని కోరల్స్, వాటికి ఏ ఇబ్బందీ రాలేదు. లైట్లు ఎల్‌ఈడీకి మార్చి, వెలిగే సమయాన్ని మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండుకు జరిపాను. మిట్టమధ్యాహ్నపు వేడికి లైట్ల వేడి తోడవదు, ఆఫీసు నుంచి వచ్చాక చూసుకోవడానికీ బాగుంటుంది.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఒక డిసెంబరంతా హీటరు, చిల్లరు రెండూ 26 దగ్గరే పెట్టేసి ఉన్నాయి. ఒకటి వేడి చేయడం, ఇంకొకటి చల్లబరచడం! రెంటి మధ్య కనీసం రెండు డిగ్రీల ఎడం ఉంచండి.

రాత్రిళ్లు రిటర్న్ పంప్ ఆపే ఆలోచన మాత్రం వద్దు. నేను వారం చేశాను. స్కిమ్మర్ సంప్‌లో ఉంటుంది కాబట్టి పంప్ ఆగితే పై నీటికి గాలి అందే దారి సగం మూసుకున్నట్టే. ఒక తెల్లవారుజామున క్లౌన్ ఫిష్ రెండూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని కనబడ్డాయి. ఆ వారం మిగిలింది ముప్ఫై రూపాయలు.

ఇప్పుడు మే నెలలో కూడా రోజుకు మూడు, మూడున్నర యూనిట్లు దాటట్లేదు. ఎల్‌ఈడీకే ఎక్కువ ఖర్చయింది, కాబట్టి దాన్ని ఆఖరున పెట్టుకోండి. ఏదైనా కొనే ముందు మీ చిల్లర్ ఎక్కడుందో చూడండి. మాది మొదట స్టాండ్ క్యాబినెట్ లోపలే ఉండేది, తను వదిలిన వేడి గాలినే తిరిగి పీల్చుకునేది. బాల్కనీ తలుపు పక్కకు జరిపి, పైపు రెండు మీటర్లు పొడిగిస్తే అయిన ఖర్చు పైపుదే.