హార్డ్‌డిస్క్ ‘ఫార్మాట్ చెయ్యాలా?’ అంటోంది, ఏం చెయ్యను?

ప్రశ్న: గురువుగారూ నమస్తే. మాది పర్లాకిమిడి, చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల ఫోటోలు, 2018లో తిత్లీ తుఫానప్పుడు తీసినవి, అన్నీ ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోనే ఉండిపోయాయి, వేరే కాపీ లేదు. ఈమధ్య ఫోల్డర్ ఓపెన్ చేస్తే చాలు సిస్టమ్ హ్యాంగ్ అయిపోతంది, మొన్నైతే ఫార్మాట్ చెయ్యాలా అని అడిగింది. సౌండ్ ఏటీ రావట్లేదు. షాపు కుర్రోడు చెక్‌డిస్క్ కొడితే అయిపోద్ది అంటన్నాడు, మా బావేమో కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమంటన్నాడు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఫార్మాట్ బాక్స్‌లో క్యాన్సిల్ నొక్కి డిస్క్ పీకేసి పక్కన పెట్టు. బావగారి మాట అస్సలు వినకు, ఫ్రిజ్‌లోంచి బయటకి తీశాక మన వైపు ఉక్కకి లోపల తేమ పట్టేస్తుంది, అక్కడ డేటా ఉండే పళ్లెం మీద దాన్ని చదివే హెడ్ నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది, దానికి నీటి చుక్క తగిలితే ఇంకేం మిగలదు. చెక్‌డిస్క్ కూడా ఇప్పుడు వద్దు. అది ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకున్న పట్టీని సరిచేస్తుందే తప్ప నీ ఫోటోల్ని కాపాడదు, పైగా చచ్చిపోతున్న డిస్క్ మీదే రాస్తుంది, ఫోల్డర్ల పేర్లు పోయి ముక్కలుముక్కలుగా మిగిలిన కేసులు బోలెడు చూశాం.

సౌండ్ లేదన్నావు చూడు, అదే నీ అదృష్టం. టిక్ టిక్ అని కొట్టుకుంటుంటే మాత్రం ఇంట్లో ఏదీ చెయ్యకూడదు.

కేబుల్ మార్చి, హబ్‌లో కాకుండా నేరుగా పోర్ట్‌లో పెట్టి, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఒక్కసారి తెరువు. 05, సీ5 అనే రెండు వరుసలు చూస్తే చాలు. 05 అంటే పాడైతే మార్చేసిన సెక్టార్లు (డిస్క్‌లో డేటా దాచే చిన్న గళ్లు), సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పడేసినవి. సీ5లో సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే డిస్క్ పోయే దారిలో ఉన్నట్టే. ఆ అంకెలు మామూలుగా హెక్స్‌లో, అంటే పదికి బదులు పదహారు లెక్కలో చూపిస్తుంది, 10 అని ఉంటే అది 16 అన్నమాట, కంగారుపడొద్దు.

ఇప్పుడు అసలు పని. కాపీ-పేస్ట్ చెయ్యకు, చెడ్డ సెక్టార్ దగ్గర ఆగిపోయి అక్కడే డిస్క్‌ని బాదుతుంది. ఒక 2 టీబీ కొత్త డిస్క్ కొను, సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చెయ్యి, అందులో డీడీరెస్క్యూ ఉంటుంది, పాత డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్త డిస్క్‌లో ఒకే పెద్ద ఫైల్‌గా దించడానికి, దాన్నే ఇమేజ్ అంటారు. అది ముందు తేలిగ్గా వచ్చేదంతా లాగేసి, మొండికేసిన చోట్లని తర్వాతకి వదిలేస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది, కరెంటు పోయినా మళ్లీ అక్కణ్ణించే మొదలెట్టొచ్చు (మ్యాప్ ఫైల్ కూడా కొత్త డిస్క్‌లోనే పెట్టు). మొదటిసారి స్క్రేపింగ్ (మొండి చోట్లని గీకి గీకి చదవడం) వద్దు అనే ఆప్షన్‌తో నడుపు. కొత్త డిస్క్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉండకూడదు, 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎంటర్ కొట్టే ముందు ఏది పాతది ఏది కొత్తది అని సైజు చూసి రెండుసార్లు సరిచూసుకో, అవి తారుమారైతే నీ ఫోటోలని నువ్వే చెరిపేసుకున్నట్టు, వాటిని ఏ గురువూ తేలేడు.

ఇమేజ్ వచ్చాక పాత డిస్క్‌ని ముట్టుకోకు. ఇమేజ్ మీదే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ పెట్టి చూడు, పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్లుండే భాగం) దొరికితే ఫోల్డర్లు పేర్లతో సహా వస్తాయి. దొరక్కపోతే ఫోటోరెక్ అనే ఇంకో ప్రోగ్రామ్, ఇది ఫోటోలు తెస్తుంది గానీ పేర్లుండవు, ఎవరి పెళ్లో కెమెరా రాసిన తేదీ చూసి నువ్వే వేరుచేసుకోవాలి. రెండూ ఫ్రీయే.

మధ్యలో టిక్ టిక్ మొదలైతే ఆపేసి, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబ్‌కే ఇవ్వు. కౌంటర్ మీద స్క్రూలు విప్పేవాళ్లకి ఇవ్వొద్దు. ఇంకో డిస్క్ సర్క్యూట్ బోర్డు తెచ్చి వేసేద్దాం అనేవాళ్లకీ వద్దు, ఇప్పటి డిస్క్‌ల్లో బోర్డు మీద రోమ్ అనే చిప్‌లో ఆ డిస్క్ సొంత లెక్కలు ఉంటాయి, బోర్డొక్కటీ మారిస్తే ఒప్పుకోదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీలో పొరపాటున డిలీట్ చేసేశా, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశా, వస్తాయా? (రాయగడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆశ తక్కువేనమ్మా. ఎస్ఎస్‌డీకి ట్రిమ్ అని ఒకటుంది, డిలీట్ చేసిన జాగాని అదే శుభ్రం చేసేసుకుంటుంది. ముందు వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వెతుకు, ఎవరికైనా వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపి ఉంటే అక్కణ్ణించి తీసుకో.