గొట్టం సంగతి ముందు చూడు, పొయ్యి తరవాత

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. గెస్టుల కోసం కట్టిన గది ముచ్చటగా ఉంది. దేవమాలి కొండ చూడ్డానికి వచ్చి సెమిలిగుడ చలికి వణికిపోయే వాళ్లకి లోపల ఇనప కట్టెల పొయ్యి వెలుగుతుంటే ఇంకేం కావాలి. కానీ పొగగొట్టాన్ని వెనక గోడలోంచి బయటికి తీసి, ఒక ఎల్బో (వంపు ముక్క) వేసి, చూరు కిందే ఆపేస్తానంటున్నావే, అది మాత్రం వద్దు. పొయ్యికి అంత డబ్బు పోసి గొట్టం దగ్గర పిసినారితనం దేనికి? మామూలు పొయ్యి అయినా గొట్టం బాగుంటే మండుతుంది, గొట్టం బాగోకపోతే ఎంత ఖరీదైన పొయ్యి అయినా గదిలోకే పొగ కక్కుతుంది.

పొగని పైకి లాగేది వేడే. గొట్టం నిటారుగా, ఎత్తుగా, లోపల వేడిగా ఉంటే పొగ దానంతటదే పరిగెడుతుంది. బయట గోడకి ఆనించి పెడితే మన కొండగాలికి గొట్టం చల్లబడి, పొగ లోపలే నీరుకారి నల్లటి తారులా అంటుకుంటుంది. ఆ తారు పేరుకుని ఒకరోజు నిప్పంటుకుందంటే గొట్టం లోపల వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది, అప్పుడు నువ్వు బకెట్టు పట్టుకుని చేసేదేమీ ఉండదు. అందుకే గదిలోంచే నేరుగా కప్పు మీదికి తీసుకుపో, ఆ గొట్టం వేడి కూడా గదికే దక్కుతుంది. వంపు తప్పనిసరైతే రెండుకి మించనివ్వకు, అడ్డంగా పోయే ముక్క ఉంటే అడుగుకి పావు అంగుళం చొప్పున పైకి ఎక్కుతూ ఉండాలి. పొయ్యి మూతి 6 అంగుళాలైతే గొట్టం కూడా చివరిదాకా 6 అంగుళాలే, షాపులో 4 అంగుళాలది చవగ్గా ఉందని తగ్గించకు.

ఎత్తు లెక్క ఇది. గొట్టం కప్పు రేకు దాటిన చోటినుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి, చుట్టూ 10 అడుగుల లోపల ఏది ఎత్తుగా ఉంటే దానికంటే 2 అడుగులు పైన ఉండాలి. నీ గది చిన్నది కాబట్టి కొప్పు, అంటే కప్పు నెత్తి, ఎటూ ఆ 10 అడుగుల లోపలే వస్తుంది, కాబట్టి కొప్పుని మించి 2 అడుగులు. మొత్తం మీద పొయ్యి నుంచి గొట్టం కొసన పెట్టే టోపీ దాకా 15 అడుగులుంటే మంచి లాగుడు వస్తుంది. అంత పొడుగు గొట్టం గాలికి ఊగకుండా మూడు వైపులా తీగలతో లాగి కట్టించు, హుద్‌హుద్ తుఫాను నాడు మన వైపు రేకులు ఎలా లేచిపోయాయో నీకు గుర్తుండే ఉంటుంది.

నాకు ఎక్కువ టెన్షన్ నువ్వు వేయించిన ప్లైవుడ్ సీలింగ్ గురించే. ఒంటిపొర గొట్టం వెళ్లే చోట చెక్క ఏదైనా సరే 18 అంగుళాల దూరం ఉండాలి, కాబట్టి అంతమేర ప్లైవుడ్ కోసేసి రేకు బిగించు. కప్పు దాటే చోట మాత్రం రెండు పొరల గొట్టమే పెట్టు, లోపలిది 6, బయటిది 10 అంగుళాలు, మధ్యలో రాక్‌వూల్ (వేడికి కాలని రాతి పీచు) బిగుతుగా కూరాలి. దానికీ వాసానికీ కూడా జానెడు ఎడం ఉంచు. వాసం అడ్డొస్తే వాసాన్ని జరిపించు, గొట్టాన్ని వంచకు.

వెల్డింగ్ షాపు వాడు జీఐ గొట్టం, అంటే జింకు పూత వేసిన ఇనప గొట్టం, అంటగడతాడు. పొయ్యి దగ్గర వేడికి ఆ జింకు పూత పాడై విషపు పొగ వస్తుంది. జీఐ వెల్డింగ్ చేసిన రోజు వాడే ఇంటికెళ్లి పాలు తాగుతాడు, అడిగి చూడు (పాలతో ఏమీ పోదు, అది వేరే సంగతి). 24 గేజి నల్ల రేకు కానీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కానీ అడుగు. అతుకుల దగ్గర సన్నగా నొక్కిన కొస కిందికి, పొయ్యి వైపుకి ఉండాలి. చాలామంది తిరగేసి పెడతారు, పొగ బయటికి రాకూడదని. పొగ ఎటూ రాదు, కారేది తారు, అది గొట్టం లోపలే జారి పొయ్యిలో పడి కాలిపోవాలి. అతుకు అతుకుకీ మూడేసి స్క్రూలు.

గోడ ఇటుకదే కాబట్టి భయం లేదు, పొయ్యి కింద ఇటుకలు పరిచి ముందుకి అడుగున్నర దాకా తీసుకురా. నిప్పురవ్వలు ఎగిరిపోకుండా టోపీకి అర అంగుళం కన్నాల జాలీ పెట్టించు, ఎందుకంటే పొయ్యి వెలిగేదీ పక్కన గడ్డి కుప్పలు లేచేదీ ఒకే నెలల్లో.

ఇంకో సంగతి, గది అల్యూమినియం కిటికీలతో బిగించేశావు, బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యానూ పెట్టావు. ఆ ఫ్యాను వేసిన మరుక్షణం అది గొట్టంలోంచే గాలిని వెనక్కి లాగుతుంది, పొగతో సహా. పొయ్యి పక్క గోడకి కింద 4 అంగుళాల కన్నం పెట్టి ఇనప జాలీ బిగించు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి వాసనుండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. దాన్ని పట్టే అలారం ఆన్‌లైన్లో దొరుకుతుంది, కొని మంచం ఎత్తులో పెట్టు. గెస్టులు రాత్రంతా వెచ్చగా ఉండాలని పొయ్యికి గాలి అందించే తలుపు పూర్తిగా మూసేసి పడుకుంటారు, అలా చేయొద్దని ఒడియాలోనూ తెలుగులోనూ రాసి గోడకి అంటించు. బొగ్గుల కుంపటి అడిగినా లోపలికి ఇవ్వకు.

కట్టెల విషయం నీకు నేను చెప్పక్కర్లేదు కానీ, కాఫీ తోటలో సిల్వరోక్ కొమ్మలు నరికేది వానల ముందైతే చీల్చి రేకు కింద పేర్చు, చలికాలానికి ఆరతాయి. రెండు ముక్కలు కొడితే టంగుమనాలి. పచ్చి కట్టె వాడితే పైన చెప్పిన తారంతా నీకే. సీజన్లో రెండుసార్లు బ్రష్ దింపి గొట్టం కడుపు గీకించు.

ముందు టేపు పట్టి పొయ్యి నెత్తి నుంచి కొప్పు దాకా ఎంతుందో, వాసానికీ వాసానికీ ఎడమెంతో కొలిచి వాట్సాప్ చెయ్యి. ఆ లెక్క లేకుండా జయపురంలో గొట్టానికి అడ్వాన్సు ఇవ్వకు.

మీ మావయ్య