34 ఏళ్ళ వయసులో పళ్ళకి క్లిప్పులు వేయించుకోవచ్చా?

పై పళ్ళు ఎత్తుగా, కింద పళ్ళు ఇరుగ్గా ఉన్నాయని రాసి మీరు అడిగినవి మూడు. ఈ వయసులో పళ్ళు ఇంకా కదులుతాయా, నాలుగు మంచి పళ్ళు పీకించుకోవాల్సిందేనా, ఆఫీసులో నలుగురూ నవ్వుకోరా అని. మూడోది చిన్న విషయం కాబట్టి ముందు దాని సంగతి చెప్పేస్తా. ఎవరూ నవ్వరు. నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి బాటనీ చెబుతాను. 36 ఏళ్ళప్పుడు నోటినిండా మెటల్ క్లిప్పులతో క్లాసుకి వెళ్ళాను. వెనక బెంచీల్లో కాసేపు గుసగుసలు, అంతే. ఇంటర్వెల్లో క్లిప్పులున్న ఓ అమ్మాయి వచ్చి "మేడమ్, మీకు మైనం ఇచ్చారా? బుగ్గ లోపల గీసుకుంటుంటే తీగ మీద అంటించుకోండి" అని నాకే పాఠం చెప్పి వెళ్ళింది. మాటలన్నది చుట్టాలే. "పిల్లాడు బడికెళ్తుంటే ఇప్పుడు నీకెందుకే ఈ సోకులు" అంది మా మేనత్త. నా పెళ్ళి కాకముందు "పన్ను మీద పన్నుంటే అదృష్టం, దాని జోలికి పోకండి" అన్నదీ ఆవిడే. అంటే వాళ్ళ లెక్కలో సరైన వయసంటూ ఎప్పుడూ రాదన్నమాట.

ఇక కదలడం గురించి. పన్ను ఎముకలోకి మేకులా దిగ్గొట్టి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. తీగ పన్నుని ఓ పక్కకి నెడుతుంటే, ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్త ఎముక పుడుతుంది. ఈ పనిచేసే కణాలు పదహారేళ్ళప్పుడూ ఉంటాయి, అరవైలోనూ ఉంటాయి. పెద్దవాళ్ళలో కాస్త నిదానంగా మొదలవుతుంది. పన్ను నెలకి ఇంచుమించు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. బలం ఎక్కువ పెట్టి తొందరపెడితే పంటి వేళ్ళ చివర్లు అరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి "త్వరగా అయిపోవాలి డాక్టర్" అని ఆయన వెంట పడకండి.

వయసు నిజంగా అడ్డొచ్చేది దవడల దగ్గర. ఎదిగే పిల్లలకైతే దవడ ఎదుగుదలని కొంత మళ్ళించొచ్చు, మనకి ఆ వీలు లేదు. మీ పై పళ్ళు ముందుకొచ్చింది పళ్ళ వల్లా, దవడ వల్లా అన్నది ముందు తేలాలి. తేడా దవడలోనే ఎక్కువగా ఉంటే క్లిప్పులకి తోడు సర్జరీ మాట రావచ్చు. పళ్ళన్నీ ఒకేసారి కనిపించే ఓపీజీ, ముఖాన్ని పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్ అనే రెండు ఎక్స్‌రేలు తీసేది ఇందుకే. గుంటూరు కొత్తపేటలో ఓ క్లినిక్కులో ఆ రెండూ తీయకుండానే "ఆర్నెల్లలో అలైనర్లతో సెట్ చేసేస్తాం, ఇవాళే అడ్వాన్సు కడితే డిస్కౌంటు" అన్నారు. అలైనర్లంటే పళ్ళకి తొడుక్కుని, కావాలంటే తీసేయగలిగే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు. చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. పళ్ళ డాక్టరు చదువైన బీడీఎస్ తర్వాత, పళ్ళని వరసలో పెట్టే ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ళు ఎండీఎస్ అనే పీజీ చదివినవాళ్ళు చేయాల్సిన పని ఇది. చిన్న ఊళ్ళలో అలాంటి డాక్టరు నెలకోసారి వచ్చిపోతుంటారు. దాంట్లో తప్పేం లేదు గానీ, మధ్యలో తీగ ఊడి బుగ్గలో గుచ్చుకుంటే ఎవరు చూస్తారో ముందే అడిగి పెట్టుకోండి.

నన్నడిగితే మీరు వయసు గురించి కాదు, చిగుళ్ళ గురించి బెంగపడాలి. బ్రష్ చేస్తుంటే నాకు ఏళ్ళ తరబడి రక్తం కనిపించేది. అందరికీ అంతేనేమో అనుకునేదాన్ని. ఆర్థోడాంటిక్స్ డాక్టరు క్లిప్పుల మాటే ఎత్తకుండా నన్ను చిగుళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ ప్రతి పన్ను చుట్టూ గీతలున్న సన్నటి పుల్లలాంటిది దింపి, చిగురు ఎంత లోతుకి వదులైందో కొలిచారు. లోతుగా క్లీన్ చేసి, చిగుళ్ళు గట్టిపడ్డాకే మొదలెట్టనిచ్చారు. చిగుళ్ళ జబ్బు అలా ఉండగానే పళ్ళని లాగితే, పట్టుకోవాల్సిన ఎముకే తరిగిపోయి పళ్ళు వదులవుతాయి. షుగరుంటే అదుపులో ఉండాలి. ఎముకలు గుల్లబారకుండా వాడే బిస్ఫాస్ఫొనేట్ మందులేమైనా తీసుకుంటుంటే తప్పకుండా చెప్పాలి, అవి పళ్ళ కదలికకి అడ్డుపడతాయి.

ఇంకో మాట, దీన్ని ముందుగా ఎవరూ చెప్పరు. మీ కింద పళ్ళు ఇరుగ్గా ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయన్నారు కదా. అవి వరసలోకి వచ్చాక రెండు పళ్ళ మధ్య చిగురు దగ్గర చిన్న నల్లటి త్రికోణాల్లాంటి సందులు కనపడొచ్చు. పెద్దవాళ్ళలో ఇది మామూలే. పళ్ళ పక్కల్ని కొద్దిగా అరగదీసి దగ్గరికి జరిపితే చాలావరకు తగ్గుతాయి. నాకు ఒకటి మిగిలింది, అద్దంలో నాకు తప్ప ఇంకెవరికీ కనపడదు.

పీకడం గురించి. సాధారణంగా తీసేది కోరపళ్ళ పక్కనున్న చిన్న దవడపళ్ళు, పైన రెండు, కింద రెండు. ఒక్కోటి తీస్తే ఏడు మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. ఎత్తుపళ్ళు వెనక్కి వెళ్ళాలన్నా, ఇరుకు పళ్ళు విప్పుకోవాలన్నా చోటు కావాలిగా మరి. ఇరుకు కొంచెమే అయితే అరగదీయడంతో సరిపోవచ్చు. మీకు రెండు బాధలూ ఉన్నాయంటున్నారు కాబట్టి నాలుగు పళ్ళ మాట నాకు వింతగా అనిపించలేదు. అయినా ఇంకో ఎండీఎస్ దగ్గర అవే ఎక్స్‌రేలు చూపించి అడగండి, పన్ను పీకాక మళ్ళీ పెట్టలేరు. పళ్ళు వెనక్కి వెళ్తే పెదాలు కూడా కాస్త లోపలికి వెళ్తాయి. నాకు అది కలిసొచ్చింది. ముందే పల్చటి పెదాలున్నవాళ్ళయితే ఆలోచించుకోవాలి. ముందు పళ్ళని వెనక్కి లాగేటప్పుడు వెనక దవడపళ్ళు ముందుకి జరిగి చోటు తినేయకుండా చిగుళ్ళ గుండా ఎముకలోకి చిన్న స్క్రూలు బిగించొచ్చు. వినడానికి భయంగానే ఉంటుంది గానీ పన్ను పీకించుకోవడం కంటే అదే తేలిక.

ఏ రకం అనేది మీ వంటింటిని బట్టి తేల్చుకోండి. సెరామిక్ క్లిప్పులు పంటి రంగులో ఉంటాయి నిజమే, కానీ వాటిని తీగకి కట్టే రబ్బరు చుట్లు మన పసుపుకి రెండు పూటల్లో పచ్చబడతాయి. పప్పుచారు మానేసే ఉద్దేశం లేదు కనక నేను మెటల్‌కే పోయాను. అలైనర్లు రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి, మంచినీళ్ళు తప్ప ఏం తాగాలన్నా తీయాలి. స్టాఫ్ రూములో గంటకో టీ తాగేదాన్ని నేను, నా వల్ల అయ్యే పనేనా? మీకు ఆ అలవాటు లేకపోతే, క్రమశిక్షణ ఉంటే, అవి హాయే. తీసి శుభ్రంగా బ్రష్ చేసుకోవచ్చు.

నొప్పి క్లిప్పులు వేసిన రోజు కంటే మర్నాడు ఎక్కువ. మొదటి వారం పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ. మాత్ర వేసుకోవాలంటే పారాసిటమాల్ చాలన్నారు మా డాక్టరు. జంతికలు, సకినాలు, పల్లీ చిక్కీ, చెరకు ముక్క, ఆవకాయలో టెంక, ఇవి క్లిప్పుని ఊడగొడతాయి. గోంగూర పీచు ఊడగొట్టదు గానీ పరువు తీస్తుంది, బ్యాగులో చిన్న అద్దం, సందుల బ్రష్ ఉంచుకోండి. అన్నం తిన్న ప్రతిసారీ బ్రష్ చేయాలి. లేకపోతే క్లిప్పు చుట్టూ పంటి మీద తెల్లటి మచ్చలు పడతాయి, క్లిప్పులు తీశాక కూడా అవి అంత తేలిగ్గా పోవు.

ఖర్చు నేను అడిగిన చోట్ల మెటల్‌కి 40 నుంచి 50 వేలు చెప్పారు. సెరామిక్ ఇంకో పది, పదిహేను వేలు పైన. అలైనర్లంటే లక్ష దాటింది. వాయిదాల్లో కట్టుకోవచ్చు. అది కూడా భారమనుకుంటే డెంటల్ కాలేజీలున్నాయి. మాకు దగ్గర్లో తక్కెళ్ళపాడు సిబార్, విజయవాడ ప్రభుత్వ కాలేజీ, హైదరాబాదువాళ్ళకి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ. పీజీ విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్లు చూస్తుంటారు. ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ వెళ్ళినప్పుడల్లా సగం రోజు సెలవు పెట్టాల్సి వస్తుంది.

నాకు క్లిప్పులు రెండేళ్ళకి కాస్త పైన ఉన్నాయి. తీసేశాక కూడా పళ్ళు పాత చోటికి పోవాలనే చూస్తాయి. అందుకే కింద పళ్ళ వెనక సన్నటి తీగ అంటించారు, పైన రాత్రిళ్ళు పెట్టుకునే ప్లాస్టిక్ రిటైనరు ఇచ్చారు. ఎన్నాళ్ళు అంటే, పళ్ళు ఇలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు అన్నారు డాక్టరు. వాటి ధర మీకు చెప్పిన మొత్తంలో కలిసి ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి, కొన్నిచోట్ల విడిగా బిల్లు వేస్తారు.