పండక్కి ఇంట్లో హ్యామ్: లోపల బూడిద రంగు, పైన ఉప్పు కషాయం. పక్కన పెరటి కలుపు ఆకులు వడ్డించవచ్చా?

హ్యామ్ అంటే ఉప్పునీటిలో నానబెట్టి కాల్చిన పంది తొడ. మధ్యలో బూడిద రంగు మిగిలిందంటే ఉప్పునీరు అక్కడిదాకా చేరలేదన్నమాట. పైన ఉప్పెక్కిందంటే కొలత అందాజాగా పడింది. మొదటిదానికి సిరంజి, రెండోదానికి త్రాసు కావాలి.

మాంసాన్నీ నీళ్లనూ కలిపి లెక్కకట్టండి. ఎముక తీసిన పంది తొడ 3 కిలోలు, నీళ్లు 2 లీటర్లు, మొత్తం 5 కిలోలు. దానికి ఉప్పు 100 గ్రాములు, పంచదార 50, క్యూరింగ్ సాల్ట్ నంబర్ 1 (మాంసం పాడవకుండా, గులాబీ రంగు నిలిచేలా వేసే, గులాబీ రంగు కలిపిన ప్రత్యేకమైన ఉప్పు) సరిగ్గా 12.5 గ్రాములు. ఈ చివరిదాంట్లో 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటుంది, చెంచా కొలతతో ఆటలొద్దు. రంగు చూసి హిమాలయన్ పింక్ సాల్ట్ వేసేవాళ్లున్నారు. అది ఉత్త ఉప్పే, ఈ పనికి రాదు. ఇలా తూచి వేస్తే ఒకట్రెండు రోజులు ఎక్కువ నానినా ఉప్పెక్కదు.

ఉప్పు, పంచదార, మిరియాలు, లవంగాలతో నీళ్లు మరిగించి, పూర్తిగా చల్లారాకే క్యూరింగ్ సాల్ట్ కలపండి. అందులోంచి 300 మిల్లీలీటర్లు మాంసం లోపలికి, మూడేసి సెంటీమీటర్లకొక పోటు చొప్పున ఎక్కించండి. సూది మధ్యదాకా దింపి, వెనక్కి లాగుతూ నొక్కాలి. మిగతా ఉప్పునీటిలో మాంసం పూర్తిగా మునగాలి. అల్యూమినియం గిన్నె వద్దు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు దాటకుండా 8 నుంచి 10 రోజులు, రోజూ తిప్పుతూ ఉంచండి. దుర్వాసన వస్తే మొత్తం పారేయడమే.

ఓవెన్ 120 డిగ్రీల దగ్గర పెట్టి, మాంసం నడిమధ్యలో 66 డిగ్రీలు వచ్చేదాకా కాల్చండి. గడియారాన్ని కాదు, థర్మామీటర్‌ని నమ్మండి. తేనె, ఆవపిండి పూత చివరి పావుగంటకే. ముందే పూస్తే మాడి చేదెక్కుతుంది.

ఇక ఆకులు. ఉప్పటి మాంసం పక్కకి పుల్లటి ఆకు బాగా నప్పుతుంది, అందుకే నా ఓటు గంగపాయలకూరకి. పొద్దున్నే కోస్తే పులుపెక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది. ఉల్లిపాయ, నిమ్మరసం చాలు, ఉప్పు వేయకండి. నేలకి పాకే నానబాలు జాతి మొక్కలు దానితో కలిసి పెరుగుతాయి, పొరపాటున చేతికొస్తాయి. కాడ తుంచి చూడండి: పాలు కారితే తినకూడదు. గంగపాయల కాడ నున్నగా, కండగా ఉండి నీరే వస్తుంది. పులిచింతాకు గుప్పెడు మించొద్దు. చిలకతోటకూర ఉడికించి నీళ్లు వంపేయండి. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు ఈ మూడింటికీ దూరంగా ఉండాలి, ఆక్సలేట్లు ఎక్కువ. కలుపుమందు కొట్టిన చోటా, కుక్కలు తిరిగే చోటా అసలు కోయకండి.